పాఠం 12 : భాష తెలియని పాట

12.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
* ఒపేరా, ఆరియా, సోప్రానో అనే మాటలకు అర్థం చెప్పగలుగుతారు;
* ఒపేరాకూ మన పద్యనాటకానికీ ఉన్న పోలికలనూ తేడాలనూ గుర్తించగలుగుతారు;
* గాయని, పియానో వాద్యకారుడు కలిసి చేసే కచేరి ఎలా సాగుతుందో వివరించగలుగుతారు;
* భాష తెలియని పాటను శ్రద్ధగా వినే పద్ధతిని అలవరచుకొంటారు;
* మీరు విన్న ఒక పాటను గురించి సొంత మాటల్లో పది వాక్యాలు రాయగలుగుతారు.

12.2 ప్రవేశిక

సూరత్ నగరంలో లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ వంటి జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం వెళ్ళి స్థిరపడినవారు వీరిలో ఎక్కువ. ఆ ఇళ్ళలో పెరిగే పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, కార్ఖానాలో హిందీ వింటాడు. పక్క గదిలోని ఒడియా కార్మికుల పాట గోడ దాటి వస్తుంది. నవరాత్రి వచ్చిందంటే గర్బా పాట తెల్లవార్లూ మోగుతుంది. కాబట్టి తెలియని భాషలో పాట వినడం సూరత్ తెలుగువారికి కొత్త కాదు.

ఇప్పుడు ఇలా ఊహించుకోండి. ఒక పెద్ద సభాభవనం. వేదిక మీద నల్లని పెద్ద పియానో. దాని పక్కన ఒక గాయని నిలబడి ఉంది. ఆమె ముందు మైకు లేదు. ఆమె ఇటాలియన్ భాషలో పాడబోతోంది. టిక్కెట్టు మీ చేతిలో ఉంది. మీరు లోపలికి వెళతారా? లేక "ఇది మన కోసం కాదులే" అని గుమ్మం దగ్గరే ఆగిపోతారా?

చదువు మధ్యలో మానేసిన చాలామందికి ఈ మాట బాగా పరిచయం. గ్రంథాలయం ముందు, బ్యాంకు ఫారం ముందు, పెద్ద సభ ముందు "ఇది మన కోసం కాదు" అని ఎవరూ అనకముందే మనకు మనమే చెప్పుకొంటాం. మళ్ళీ పుస్తకం పట్టుకొన్న మీరు అలాంటి ఒక గుమ్మాన్ని ఇప్పటికే దాటారు. ఈ పాఠంలో మరో గుమ్మం దాటుదాం.

12.3 ఒపేరా అంటే ఏమిటి?

ఒపేరా అంటే సంగీతంతో నడిచే నాటకం. పాత్రలు తమ సంతోషాన్నీ దుఃఖాన్నీ కోపాన్నీ పాడి చెబుతాయి. ఇది సుమారు 1600 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది. మొదట ప్రభువుల మందిరాల్లో ఆడేవారు. 1637లో వెనిస్ నగరంలో టిక్కెట్టు కొని ఎవరైనా చూడగల ఒపేరా శాల తెరిచారు. అప్పటి నుంచి ఒపేరా జనంలోకి వచ్చింది.

ఇది మనకు పూర్తిగా వింత విషయమా? కాదు. మన పద్యనాటకాన్ని గుర్తుకు తెచ్చుకోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ' ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజాన్ని గురించి మీరు వినే ఉంటారు. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' నాటకాల్లోని పద్యాలు పల్లెల్లో చదువురాని వారికి కూడా నోటికి వచ్చేవి. కృష్ణ పాత్రధారి రాగం తీస్తుంటే జనం "వన్స్ మోర్" అని కేకలు వేసేవారు. నటుడు ఆ పద్యాన్నే మళ్ళీ పాడేవాడు. కథ కాసేపు ఆగినా ఎవరూ విసుక్కొనేవారు కాదు.

పద్యనాటకంలో రెండు రకాల భాగాలుంటాయి. కథను ముందుకు నడిపేది వచనం. మనసులోని భావాన్ని విప్పి చెప్పేది పద్యం. ఒపేరాలోనూ ఇలాగే ఉంటుంది. కథను నడిపే భాగాన్ని మాట్లాడినట్టుగా పాడతారు. దాన్ని 'రెసిటటివ్' అంటారు. ఒక పాత్ర నిలబడి తన భావాన్ని పూర్తిగా పాడే పాట 'ఆరియా'. మన నాటకంలో పద్యానికి ఉన్న స్థానమే ఒపేరాలో ఆరియాకు ఉంది.

తేడాలు కూడా గమనించండి. మన పద్యానికి హార్మోనియం తోడు. ఒపేరాలో వేదిక ముందు పల్లంలో పెద్ద వాద్యబృందం కూర్చుంటుంది. మన నటుడు ఒకే పద్యాన్ని ఈ రోజు ఒక విధంగా, రేపు మరో విధంగా రాగం తీయవచ్చు. ఒపేరాలో స్వరాలన్నీ స్వరకర్త ముందే కాగితం మీద రాసి పెడతాడు. గాయని వాటికి కట్టుబడి పాడాలి. ఆమె ప్రతిభ ఆ స్వరాలకు ప్రాణం పోయడంలో కనిపిస్తుంది.

పాఠ్యగత ప్రశ్నలు – 1
(అ) ఆరియాను మన పద్యనాటకంలో దేనితో పోల్చవచ్చు?
(ఆ) టిక్కెట్టుతో అందరికీ ప్రవేశం ఉన్న ఒపేరా శాల మొదట ఏ నగరంలో, ఏ సంవత్సరంలో తెరిచారు?

12.4 ఒక భవనం కథ

సూరత్ నుంచి రైల్లో 263 కిలోమీటర్లు వెళితే ముంబాయి సెంట్రల్ స్టేషను వస్తుంది. ఆ నగరంలో చర్నీ రోడ్డు దగ్గర రాయల్ ఒపేరా హౌస్ ఉంది. దేశంలో నేటికీ నిలిచి ఉన్న ఒపేరా శాల ఇది ఒక్కటే. నిర్మాణం పూర్తి కాకముందే 1911లో బ్రిటిష్ రాజు ఐదవ జార్జి దీన్ని ప్రారంభించాడు. మొదట ఇక్కడ విదేశీ బృందాలు ఒపేరాలు ఆడాయి. తరువాత మరాఠీ రంగస్థలంలో పేరు పొందిన బాల గంధర్వ, హిందీ నాటకాలతో పృథ్వీరాజ్ కపూర్ ఈ వేదిక ఎక్కారు. సినిమాల కాలం రాగానే ఇది సినిమా హాలుగా మారింది.

1952లో గుజరాత్ ప్రాంతంలోని గోండల్ సంస్థానపు మహారాజు ఈ భవనాన్ని కొన్నారు. కాలక్రమంలో ప్రేక్షకులు తగ్గారు. 1993లో తలుపులు మూతపడ్డాయి. ఇరవై ఏళ్ళకు పైగా భవనం పాడుపడి ఉంది. గోండల్ కుటుంబం దాన్ని అమ్మివేయకుండా మరమ్మతు చేయించింది. ఆభా నారాయణ్ లాంబా అనే వాస్తుశిల్పి ఆ పనికి నాయకత్వం వహించారు. 2016 అక్టోబరులో తలుపులు మళ్ళీ తెరుచుకొన్నాయి. 2017లో ఈ పునరుద్ధరణకు యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు లభించింది.

తెరిచిన ఆ రోజుల్లోనే అక్కడ ఒక విశేష కచేరి జరిగింది. పాడినది సోప్రానో పెట్రీషియా రొజారియో. పియానో వాయించినది ఆమె భర్త మార్క్ ట్రూప్. రొజారియో 1960లో బొంబాయిలో పుట్టారు. లండన్‌లోని గిల్డ్‌హాల్ సంగీత విద్యాలయంలో చదివారు. జాన్ టావెనర్ అనే ఆంగ్ల స్వరకర్త ఆమె గొంతును మనసులో పెట్టుకొని ఎన్నో రచనలు చేశారు. తరువాతి కాలంలో ఆమె, ట్రూప్ మన దేశానికి వచ్చి ఇక్కడి యువ గాయకులకు శిక్షణ ఇచ్చారు.

ఒక్కసారి ఆలోచించండి. భవనం కట్టించినవారు ఆ వేదికపై ఎవరు పాడతారనుకొని ఉంటారు? పరాయి దేశపు గాయకులు అనుకొని ఉంటారు. నూరేళ్ళు గడిచాక తలుపులు తెరిస్తే పాడింది ఆ ఊరిలో పుట్టిన ఆడపడుచు. తలుపులు తెరిపించింది గుజరాత్ కుటుంబం. 'ఇది ఎవరి కోసం?' అనే ప్రశ్నకు జవాబు కాలంతో పాటు మారుతుంది.

12.5 గాయని, పియానో

స్త్రీల గొంతుల్లో అన్నిటికంటె పై స్థాయిలో పాడే గొంతును సోప్రానో అంటారు. శబ్దం అంటే గాలిలో కంపనం. సెకనుకు ఎన్ని కంపనాలు ఉంటే శ్రుతి అంత హెచ్చు. మామూలుగా మాట్లాడే స్త్రీ గొంతు సెకనుకు సుమారు 200 కంపనాల దగ్గర ఉంటుంది. సోప్రానో గాయని సుమారు 260 నుంచి 1,050 వరకు, అంటే దాదాపు రెండు స్థాయిల మేర సునాయాసంగా పాడాలి.

మైకు లేకుండా చివరి వరుస దాకా వినిపించడం ఎలా సాధ్యం? అరవడం వల్ల కాదు. అరిస్తే గొంతు త్వరగా చెడిపోతుంది. ఊపిరిని కొద్దికొద్దిగా, ఒకే ఒత్తిడితో వదలడం మొదటి మెట్టు. నోరు, గొంతు లోపలి ఖాళీని స్వరానికి తగినట్టు మలచుకోవడం రెండవ మెట్టు. కుండలో నీరు నింపుతుంటే శబ్దం మారడం మీరు విన్నారు గదా! లోపలి ఖాళీ మారితే మోగే స్వరం మారుతుంది. సోప్రానో బాగా పై స్వరాలు పాడేటప్పుడు దవడను వెడల్పుగా తెరిచి ఆ ఖాళీని స్వరానికి సరిపెడుతుంది. అప్పుడు తక్కువ శ్రమతో ఎక్కువ నాదం పుడుతుంది.

దీనికి ఒక మూల్యం ఉంది. నోరు అంత తెరిస్తే అచ్చుల మధ్య తేడా చెరిగిపోతుంది. 'ఇ' అన్నా 'ఎ' అన్నా 'ఆ' లాగే వినిపిస్తుంది. అందువల్ల పై స్వరాల దగ్గర ఇటాలియన్ మాతృభాషగా ఉన్నవారికి కూడా మాటలు సరిగా తెలియవు. మాటలు తెలియకపోవడం మీ ఒక్కరి లోపం కాదని దీన్నిబట్టి గ్రహించండి.

ఇక పియానో సంగతి. దీన్ని సుమారు 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్తలోమియో క్రిస్టోఫోరీ తయారుచేశాడు. నేటి పియానోకు 88 మెట్లు, 200కు పైగా తీగలు ఉంటాయి. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి తీగను కొడుతుంది. హార్మోనియంలో తిత్తి ఆడినంతసేపూ స్వరం నిలుస్తుంది. పియానోలో కొట్టిన క్షణం నుంచే స్వరం సన్నగిల్లుతుంది. గొంతు మాత్రం స్వరాన్ని నిలపగలదు, పెంచగలదు, తగ్గించగలదు. అందుకే ఈ రెండూ ఒకదాని కొరత మరొకటి తీరుస్తాయి.

కచేరిలో వాద్యబృందం ఉండదు. ఆ బృందమంతా చేసే పనిని పియానో ఒక్కటే చేయాలి. వాద్యకారుడు గాయని ఊపిరి తీసే క్షణాన్ని గమనిస్తూ, ఆమెకంటె ముందు పోకుండా, వెనకబడకుండా వాయిస్తాడు. అతడిది చిన్న పాత్ర అని అనుకోకూడదు. మగ్గం మీద పడుగు ఎంత ముఖ్యమో పేక అంత ముఖ్యం.

పాఠ్యగత ప్రశ్నలు – 2
(అ) పై స్వరాల దగ్గర మాటలు ఎందుకు స్పష్టంగా వినిపించవు?
(ఆ) హార్మోనియం స్వరానికీ పియానో స్వరానికీ ఉన్న తేడా ఏమిటి?

12.6 రెండు పాటలు

ఇలాంటి కచేరిలో ఒపేరా ఆరియాలతో పాటు విడి పాటలు కూడా పాడతారు. ఒక్కొక్క దానికి ఒక ఉదాహరణ చూద్దాం.

(1) కూతురి వేడికోలు : ఇటలీ స్వరకర్త పుచ్చీని రాసిన 'జియాని స్కిక్కి' అనే హాస్య ఒపేరా 1918లో న్యూయార్క్‌లో మొదటిసారి ఆడారు. అందులో లారెట్టా అనే అమ్మాయి ఒక యువకుణ్ణి ప్రేమిస్తుంది. అతని బంధువులు ఈ సంబంధానికి ఒప్పుకోరు. తండ్రి కూడా వారిమీద కోపంతో ఉంటాడు. ఆ ఇంటివారికి ఆస్తి విషయంలో అతని తెలివితేటలు అవసరం. లారెట్టా తండ్రిని బతిమాలుతుంది. తన పెళ్ళి జరగకపోతే ఊరి వంతెన మీదికి వెళ్ళి ఆర్నో నదిలో దూకుతానంటుంది.

మాటలు బెదిరింపు. బాణీ మాత్రం ఎంతో మెత్తన. మన ఇళ్ళలో గారాల కూతురు తండ్రి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకొంటే ఆయన ఎంతసేపు బిగుసుకొని ఉండగలడు? ఆ ఉపాయమే ఈ పాటలో ఉంది. మూడు నిమిషాలు కూడా నిండని ఈ పాటతో తండ్రి మెత్తబడతాడు.

(2) రాట్నం దగ్గర అమ్మాయి : ఇది ఒపేరాలోది కాదు, విడి పాట. ఆస్ట్రియా దేశపు షూబర్ట్ దీన్ని 1814లో, తన 17వ ఏట స్వరపరిచాడు. మాటలు జర్మన్ కవి గేటే రాసిన 'ఫౌస్ట్' నాటకంలోవి. గ్రెచెన్ అనే అమ్మాయి నూలు వడుకుతూ, తనను విడిచి వెళ్ళిన ప్రియుణ్ణి తలచుకొంటుంది.

నేతపని ఎరిగినవారు ఈ పాటను అందరికంటె బాగా వినగలరు. పియానోలో కుడిచేయి ఆగకుండా గిరగిర తిరుగుతుంటుంది. అది రాట్నపు చక్రం. ఎడమచేయి చిన్న దెబ్బలు వేస్తుంటుంది. అది కాలితో తొక్కే పలక. ఆమె మనసు పొంగేకొద్దీ చక్రం జోరందుకొంటుంది. అతని ముద్దు గుర్తుకు రాగానే గొంతు పై స్వరాన్ని అందుకొంటుంది. ఆ క్షణాన పియానో ఆగిపోతుంది. ఎందుకు? ఆమె కాలు పలకను తొక్కడం మరిచిపోయింది! తరువాత చక్రం వెంటనే తిరగదు. ఒకసారి కదిలి ఆగుతుంది. మళ్ళీ కదిలి తడబడుతుంది. ఆ తరువాత గాని పని సాగదు.

మనసు ఎంత బరువెక్కినా చేతిలోని పని చేయక తప్పదు. ఊరిలో తల్లికి జబ్బుగా ఉందని తెలిసినా షిఫ్టు వదలలేక మగ్గం ముందు నిలబడినవారికి ఈ సంగతి ఎవరూ బోధించనక్కరలేదు. జర్మన్ భాషలో ఒక్క మాట రాకపోయినా ఆ చక్రం ఆగిన చోటు మీరు పట్టుకోగలరు.

12.7 అర్థం తెలియకుండా వినవచ్చునా?

షూబర్ట్ ఈ పాట రాసిన కాలంలోనే తమిళనాట తిరువయ్యారులో త్యాగరాజు (1767–1847) తెలుగులో కృతులు రచిస్తున్నారు. ఈనాటికీ ఆ కృతులను తమిళులు, కన్నడిగులు, మలయాళీలు పాడుతున్నారు. వారిలో చాలామందికి తెలుగు రాదు. సభలో వినేవారిలోనూ చాలామందికి రాదు. అయినా వారు కంటతడి పెట్టుకొంటారు. మన భాష తెలియనివారు మన పాటను ఇంతగా ఆదరిస్తుంటే, వారి భాష తెలియక మనం వారి పాటకు దూరంగా ఉండవలసిన పని లేదు.

అయితే అర్థంతో పని లేదని చెప్పడం కూడా సరికాదు. తెలుగు తెలిసినవారికి త్యాగరాజు కృతిలో అదనంగా కొంత దక్కుతుంది. లారెట్టా మాటలు బెదిరింపు అని తెలియకపోతే ఆ పాటలోని చమత్కారం జారిపోతుంది. అందుకే ఇలాంటి కచేరిలో పాటల అర్థాలతో చిన్న పుస్తకం ఇవ్వడం వాడుక. ఆ పుస్తకం చదవగలిగినవారు ఎక్కువ పొందుతారు. చదువు వల్ల కలిగే లాభాల్లో ఇదీ ఒకటి.

12.8 వినే పద్ధతి

ఆకాశవాణిలో గాని, ఫోనులో గాని, సభలో గాని భాష తెలియని పాట విన్నప్పుడు ఇలా చేసి చూడండి.

1. ముందుగా కథను రెండు వాక్యాల్లో తెలుసుకోండి. ఎవరు, ఎవరితో, ఎందుకు పాడుతున్నారు?
2. మొదటిసారి గొంతును మాత్రమే వినండి. అది ఎక్కడ పైకి వెళ్ళింది? ఎక్కడ సన్నగిల్లింది?
3. రెండవసారి వాద్యాన్ని మాత్రమే వినండి. అది గొంతుతో ఏకీభవిస్తున్నదా, ఎదురు చెబుతున్నదా?
4. నిశ్శబ్దం వచ్చిన చోటును గుర్తుంచుకోండి. ముఖ్యమైన విషయం తరచు అక్కడే ఉంటుంది.
5. విన్న వెంటనే నాలుగు వాక్యాలు రాయండి. తప్పులుంటే తరువాత దిద్దుకోవచ్చు.

సభలో పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. పాట మధ్యలో మన సభల్లో లాగా "భళా" అనరు. కొన్ని పాటలను ఒక గుంపుగా పాడితే ఆ గుంపు ముగిశాకనే చప్పట్లు కొడతారు. సందేహంగా ఉంటే తోటివారు కొట్టేదాకా ఆగండి. అంతా అయ్యాక ఆగకుండా చప్పట్లు కొడితే గాయని తిరిగి వచ్చి మరొక పాట పాడుతుంది. దాన్ని 'ఎన్‌కోర్' అంటారు. మన 'వన్స్ మోర్' వంటిదే!

మీకు తెలుసా?
వినడానికి చెవులు బాగుండాలి. మన కర్మాగారాల నిబంధనల ప్రకారం 90 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. మరమగ్గాల షెడ్డుల్లో చప్పుడు చాలాచోట్ల ఈ హద్దును దాటుతుంది. ఏళ్ళ తరబడి అందులో పనిచేస్తే మొదట సెకనుకు సుమారు 4,000 కంపనాల దగ్గర వినికిడి తగ్గుతుంది. గొంతుకు మెరుపునిచ్చే ధ్వనులు, 'స', 'ష' వంటి అక్షరాల స్పష్టత ఆ పై స్థాయిలోనే ఉంటాయి. 'మాట వినబడుతోంది కాని తెలియడం లేదు' అనిపిస్తే అది హెచ్చరిక. ఇలా పోయిన వినికిడి తిరిగి రాదు. పనిలో చెవి బిరడాలు వాడండి. చెవిలో హోరు ఉంటే డాక్టరుకు చూపించండి.

12.9 సారాంశం

ఒపేరా సంగీతంతో నడిచే నాటకం. అందులో భావాన్ని పూర్తిగా విప్పే పాట ఆరియా. స్త్రీల గొంతుల్లో పై స్థాయిది సోప్రానో. కచేరిలో వాద్యబృందం పనిని పియానో ఒక్కటే చేస్తుంది. ముంబాయి రాయల్ ఒపేరా హౌస్ 1993లో మూతపడి 2016లో తిరిగి తెరుచుకొంది. భాష తెలియని పాటను కథ, గొంతు, వాద్యం, నిశ్శబ్దం అనే నాలుగింటి సాయంతో వినవచ్చు. అర్థం తెలిస్తే ఆనందం పెరుగుతుంది. తెలియదన్న కారణంతో గుమ్మం దగ్గర ఆగనక్కరలేదు.

12.10 పదాలు – అర్థాలు

కంపనం = కదలిక, వణకు
మూల్యం = వెల
పునరుద్ధరణ = పాడైనదాన్ని తిరిగి బాగుచేయడం
వాస్తుశిల్పి = భవనాల రూపకల్పన చేసే వ్యక్తి
వేడికోలు = ప్రార్థన, బతిమాలడం
పడుగు = మగ్గంలో నిలువు దారం
పేక = మగ్గంలో అడ్డ దారం

12.11 పాఠ్యాంత ప్రశ్నలు

1. ఒపేరాకూ పద్యనాటకానికీ గల రెండు పోలికలు, రెండు తేడాలు రాయండి.
2. రాట్నం పాటలో పియానో ఆగిపోవడానికి కారణం ఏమిటి? ఆ తరువాత చక్రం తడబడడం వల్ల మనకు ఏమి తెలుస్తుంది?
3. త్యాగరాజ కృతుల ఉదాహరణతో ఈ పాఠంలో చెప్పిన విషయం ఏమిటి? దానితో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.
4. మీరు పని చేస్తూ పాడుకొనే పాట గాని, మీ పెద్దవారు నాట్లు వేస్తూ, నూలు వడుకుతూ పాడిన పాట గాని ఒకటి గుర్తుకు తెచ్చుకోండి. ఆ పాటకూ పని లయకూ గల సంబంధాన్ని గురించి పది వాక్యాలు రాయండి.
5. "ఇది మన కోసం కాదు" అని మీరు ఎప్పుడైనా వెనుదిరిగిన సందర్భాన్ని గురించి మీ మిత్రునికి ఉత్తరం రాయండి.

12.12 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. (అ) పద్యంతో. (ఆ) వెనిస్ నగరంలో, 1637లో.
2. (అ) గాయని దవడను బాగా తెరవడం వల్ల అచ్చుల మధ్య తేడా చెరిగిపోతుంది. (ఆ) హార్మోనియం స్వరం తిత్తి ఆడినంతసేపూ నిలుస్తుంది. పియానో స్వరం పుట్టిన క్షణం నుంచే సన్నగిల్లుతుంది.